మూసీకి చేప ఎదురెక్కే దారి

(1908 మూసీ వరద మృతుల స్మారకోపన్యాసం, పాతబస్తీ, హైదరాబాద్)



1908 సెప్టెంబరు 28న మూసీ పాలైనవారిని తలచుకోవడానికి ఇక్కడ చేరాం. పోయినవాళ్లు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. వాళ్ల పేర మాట్లాడమన్నప్పుడు నది గురించే మాట్లాడాలని అనుకున్నాను. కాలేజీలో ఏళ్ల తరబడి జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక నదిని చేప వైపు నుంచి చూడటం నాకు అలవాటు. మూసీ బతికిందా లేదా అని తేల్చి చెప్పగలిగిన సాక్షి చేపే అని నా నమ్మకం.

వరద తర్వాత ఆరో నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంత ప్రాణనష్టం చూసిన ఊరు చేయవలసిన పనే చేసింది. ఆ రెండు కట్టలు ఈ ఊరిని కాపాడాయి, దశాబ్దాల పాటు మంచినీళ్లూ ఇచ్చాయి. వాటిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ అప్పటి నుంచి లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ కలిసే చోటు దిగువన మూసీకి తన నీళ్లంటూ లేకుండా పోయాయి. గేట్లు ఎత్తిన నాలుగు రోజులు వరద, మిగతా ఏడాదంతా మన మురుగు. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు రావడం అందరూ చూశారు. ఆ నీళ్లు తీసిన మర్నాటికే నదిని మళ్లీ మరిచిపోయాం.

చేపలకూ పాతబస్తీకీ సంబంధం లేదని ఎవరూ అనలేరు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు బేగంబజార్ మచ్ఛీ మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. దూద్‌బౌలి బత్తిన కుటుంబం బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించేదీ ఆ రోజే. ఆ మందు సంగతి వైద్యులకు వదిలేస్తాను. నాకు ఆసక్తి ఆ రోజు మీద. తొలకరి పడి, వాగుల్లో ఎర్రనీళ్లు కదిలి, చేప ఎదురెక్కడం మొదలయ్యే కార్తె అది. మన పంచాంగం చేపల పంచాంగంతో కలిసే నడిచేది.

తెలంగాణ పల్లెల్లో పుట్టినవాళ్లకు ఎదురెక్కడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చెరువు నిండి మత్తడి దుంకుతుంటే కింద వాగులోంచి పరకలు, జెల్లలు, చిన్నాపెద్దా చేపలన్నీ ఆ నీటి ధారకు ముఖం పెట్టి నిలబడతాయి. దగ్గరికెళ్లి చూస్తే అవి ఒక్క ఉదుటున పైకి పోవు. రాతి కట్టడం మీద పల్చగా జారే నీటి పొర పక్కన, రాళ్ల సందున చిన్న సుడి ఉంటుంది. చేప అందులో ఆగి, తోక ఆడిస్తూ ఊపిరి తీసుకుని, మళ్లీ ఒక మూరెడు ఎక్కుతుంది. జారితే మళ్లీ మొదలు. ఊతలు, వలలు పట్టుకుని జనం కాచుకుని ఉండేది ఆ సందుల దగ్గరే. ప్రపంచంలో ఎక్కడ ఆనకట్టల మీదుగా చేపలు ఎక్కే మెట్లు కట్టినా ఇంజనీర్లు పాటించే సూత్రం అదే. నీటి వేగం చేప ఈదగలిగినంతే ఉండాలి, ఆగడానికి మధ్యమధ్య నెమ్మది నీళ్లుండాలి, దారి మొదలు ఎక్కడుందో ప్రవాహపు చప్పుడూ ఒరవడీ చేపకు చెప్పాలి. మన మత్తడి రాళ్లు ఈ మూడూ ఎవరూ డిజైన్ గీయకుండానే కొంత మేర ఇచ్చాయి. నిలువుగా కట్టిన కాంక్రీటు గోడ ఈ మూడింటిలో ఒక్కటీ ఇవ్వదు.

బొచ్చె, రవ్వ, మోసు వంటి పెద్ద చేపలదీ అదే తీరు. నిలవనీటి చెరువులో అవి వాటంతట అవి గుడ్లు పెట్టవు. వరద నీళ్లలో ఎగువకు పోయి, మునిగిన గడ్డిపట్లలో పెడతాయి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో వీటి చేత గుడ్లు పెట్టించే పద్ధతి సాధించారు. అది గొప్ప పని. ఇవాళ కైకలూరు, భీమవరం చెరువుల నుంచి లారీల్లో వచ్చే చేప మొత్తం ఆ పద్ధతి పుణ్యమే. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదిలే చేపపిల్లలూ అలా పుట్టినవే. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు దానివల్ల మేలు జరిగింది. అయితే దానితోపాటు ఒక మరుపు కూడా వచ్చింది. మార్కెట్లో చేప దొరుకుతున్నంత కాలం నదిలో చేప లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇలా హ్యాచరీకి లొంగని చేప ఒకటుంది. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస అంటాం, గోదావరి ఎక్కాక పులస అంటాం. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. బంగాళాఖాతంలో పెరిగి, జులై నుంచి గోదావరి ఎర్రనీళ్లు సముద్రంలో కలిసే వేళకు యానాం, కోటిపల్లి మీదుగా పైకి వస్తుంది. ఒక్కో తల్లి కడుపులో లక్షల గుడ్లుంటాయి. మంచినీటిలో గుడ్లు పెట్టి మళ్లీ కడలికి పోతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి దిగిపోతాయి. చలిదేశాల్లో సముద్రం నుంచి నదికి ఎక్కే ట్రౌట్ ఎలాంటిదో, తెలుగు దేశంలో పులస అలాంటిది. ట్రౌట్ ఎగిరి దూకగలదు, పులస దూకలేదు. మూడడుగుల నిలువు గోడ కూడా దానికి కోటగోడే. ఇవాళ ఒక్కో చేప పది వేలు, ఇరవై వేలు పలికిందని పత్రికల్లో సంబరంగా రాస్తున్నారు. ఆ ధరలో నాకు కనిపించేది కరవే.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాను కరవు నుంచి గట్టెక్కించిన మనిషిగా ఆయనకు గోదావరి జిల్లాల్లో నేటికీ పూజలు జరుగుతాయి. అందుకు ఆయన అర్హుడు. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. గేట్లు దించి ఉన్నంతకాలం పులసకు అదే సరిహద్దు. ఇక్కడ మరో విషయం చెప్పాలి. పోలవరం స్పిల్‌వేలో చేపల మెట్లు కట్టారు. కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ, మనం సిఫ్రీ అనే సంస్థ, డిజైన్‌కు తోడ్పడింది. మన దేశంలో ఇంత పెద్ద ప్రాజెక్టులో చేప గురించి ఆలోచించడం చిన్న సంగతి కాదు, ఆ ఇంజనీర్లను మెచ్చుకోవాలి. కానీ పోలవరం ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన ఉంది. కింద బ్యారేజీ దాటని చేప పై మెట్ల దాకా ఎలా వస్తుంది? మేడ మీది తలుపు బార్లా తెరిచి వీధి తలుపుకు గడియ పెట్టినట్టయింది.

వేట సంగతీ ఇందులో కలిసే ఉంది. తూర్పు తీరంలో సముద్ర వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం ఉంది. పులస నది ఎక్కేది దాని తర్వాత. అంటే గుడ్లతో వచ్చే తల్లి చేప వలలన్నీ నీళ్లలో ఉన్న కాలంలోనే వస్తోంది. బంగ్లాదేశ్ ఈ లెక్క సరిచూసుకుంది. అక్టోబరులో తల్లి చేపల వేట 22 రోజులు ఆపింది, పిల్ల చేపల వేట నవంబరు నుంచి జూన్ వరకు నిషేధించింది, ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇచ్చింది. 2002–03లో సుమారు 2 లక్షల టన్నులున్న వాళ్ల ఇలిష్, అంటే మన ఇలస, దిగుబడి 2018–19కి 5 లక్షల టన్నులు దాటింది. బియ్యం ఇవ్వకుండా నిషేధం ఒక్కటే పెట్టి ఉంటే ఆ ఫలితం వచ్చేదని నేను అనుకోను.

పులస గోదావరిది కదా, మూసీలో దాని ప్రస్తావన ఎందుకు అనవచ్చు. కృష్ణలోకీ ఇలస ఎక్కేది. మూసీ కృష్ణకు ఉపనది. అనంతగిరి కొండల్లో పుట్టి, ఈ ఊరి నడిబొడ్డు నుంచి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది అన్నాక కిందా మీదా ఒకటే గనుక, సముద్రం నుంచి ఒక చేప బయల్దేరి పురానాపూల్ కిందికి రావాలనుకుంటే ఎన్ని అడ్డంకులున్నాయో ఒక్కసారి నడిచి చూద్దాం. హంసలదీవి దగ్గర నదిలోకి ఎక్కుతుంది. విజయవాడలో 1855 నాటి ఆనకట్ట, ఆ చోటే 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ, 70 గేట్లు. దాని ఎగువన పులిచింతల. పులిచింతల దాటితే వాడపల్లి సంగమం. అక్కడ కుడికో ఎడమకో తిరగాలి. కృష్ణలోనే ఎగువకు పోతే నాగార్జునసాగర్ గోడ. మూసీలోకి తిరిగితే సూర్యాపేట వైపు సోలిపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు. దాని పైన వరుసగా కత్వలు, అంటే కాల్వలకు నీళ్లు మళ్లించే చిన్న అడ్డుకట్టలు. బునాదిగాని కాల్వ, పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డిపల్లి కాల్వ వంటివి మూసీ నీళ్లతోనే నడుస్తాయి. యాదాద్రి, నల్లగొండ రైతులు మన మురుగుతోనే వరి పండిస్తున్నారు, మన పాడిపశువులకు గడ్డి పెంచుతున్నారు. ఆ కత్వలను పగలగొట్టమని నేను అనను. రైతు నోటి దగ్గర కూడు తీసి చేపకు పెట్టే పథకం ఎక్కడా నిలవదు, నిలవకూడదు కూడా.

ఇన్ని గోడల కన్నా పెద్ద ఆనకట్ట ఇంకోటుంది, అది కంటికి కనిపించదు. అది ప్రాణవాయువు లేని నీరు. చేపలు బతికే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలని మన కాలుష్య నియంత్రణ ప్రమాణం. మురుగును తినే సూక్ష్మజీవులు ఆ ఆక్సిజన్‌ను ముందే పీల్చేస్తాయి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీని దేశంలో అత్యంత కలుషిత నదీ భాగాల మొదటి వరుసలో పెట్టింది. దిగువ కత్వల దగ్గర నిలబడి చూడండి. నీళ్లు పడేచోట తెల్లటి నురగ గుట్టలుగా లేచి, గాలికి తేలి పక్క పొలం గట్టు మీద వాలుతుంది. సబ్బులూ డిటర్జెంట్లూ నీళ్లతో కలిసి గిలకొట్టుకుంటే వచ్చే నురగ అది. కింద నీరు నల్లగా ఉంటుంది. ఆ నీళ్లలో కూడా బతికేవి ఉన్నాయి: నీటి పైకొచ్చి గాలి పీల్చగల మార్పు, ఎక్కడి నుంచో వచ్చి పాతుకుపోయిన తిలాపియా, మత్స్యకారులు దెయ్యం చేప అనే సకర్ చేప. మూసీలో చేపలున్నాయి కదా అని ఎవరైనా అంటే, ఏ చేపలో అడగండి.

కనుక క్రమం ముఖ్యం. ముందు మురుగు, తర్వాత ప్రవాహం, తర్వాత మెట్లు. మురుగు ఆపకుండా మెట్లు కడితే చేపను చావుకు పిలిచినట్టే.

వేరే దేశాలు ఏం చేశాయో రెండు మూడు చెబుతాను. అమెరికా వాయవ్య మూలన ఎల్వా అని చిన్న నది ఉంది. 1913లో ఒకటి, 1927లో ఒకటి ఆనకట్టలు కట్టారు, రెంటికీ చేపల దారి లేదు. అక్కడి ట్రౌట్‌లో ఒక జాతి నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్, సముద్రానికి పోయి పెరిగి వస్తే స్టీల్‌హెడ్. ఒకే జాతి, రెండు బతుకులు. ఆనకట్టల పైన చిక్కినవి వందేళ్ల దాకా రెయిన్‌బోలుగానే బతికాయి. ఆ నదిని నమ్ముకున్న క్లాలమ్ తెగ ప్రజలు పట్టువదలక అడిగారు. 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండు ఆనకట్టలూ తీసేశారు. పైన చిక్కినవాటి సంతానం మళ్లీ సముద్రం దారి పట్టింది, వేసవిలో ఎక్కే స్టీల్‌హెడ్ ఎల్వాకు తిరిగి వచ్చింది. ఈ సంగతి నన్ను ఎంతో కదిలించింది. ఎన్నో తరాలు సముద్రం చూడని చేపలో కూడా సముద్రానికి పోయే గుణం చావలేదు. 2024లో క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టల తొలగింపు పూర్తయిన కొన్నాళ్లకే సాల్మన్ ఎగువన కనిపించింది.

మనం ఆనకట్టలు తీయలేం. తీయలేని చోట ఏం చేయాలో ఆస్ట్రేలియా చూపింది. మర్రే నదిలో సముద్రం నుంచి హ్యూమ్ డ్యామ్ దాకా 2,225 కిలోమీటర్ల పొడవునా, ఒక్కో అడ్డుకట్టకు ఒక్కో చేపల మార్గం చొప్పున కట్టుకుంటూ పోయారు. వాళ్ల ఆలోచనలోని బలం సముద్రం నుంచి లెక్క మొదలుపెట్టడంలో ఉంది. మనకు ఇంకా దగ్గరి పాఠం లావోస్‌ది. మెకాంగ్ పరీవాహకంలో పాక్ పెంగ్ అనే చోట చిన్న కట్టకు చేపల దారి కట్టి పరీక్షించారు. అక్కడివి మన లాంటి వేడి నీళ్లు, మన లాంటి జెల్లలు, పరకలు, చిన్న చేపలు. ట్రౌట్ కోసం గీసిన మెట్లు వీటికి పనికిరావు. వాలు తక్కువగా, అడుగు గరుకుగా, ధార నెమ్మదిగా ఉండాలి. కత్వ పక్కన రాళ్లు పేర్చి ప్రతి మీటరు ఎత్తుకూ సుమారు 30 మీటర్ల పొడవు వాలు ఇస్తే చిన్న చేపలు కూడా ఎక్కగలుగుతాయి. కత్వ ఎత్తు తగ్గించనక్కర్లేదు, కాల్వకు పోయే నీళ్లు అలాగే పోతాయి. ఇది రాయీ మట్టీ పని. మన ఊళ్ల వడ్డెరలకు చేతకానిది ఇందులో ఏమీ లేదు. పులస లాంటి దూకలేని చేపకు పెద్ద బ్యారేజీల దగ్గర లిఫ్టులు, లాకులు కావాలి. పులసకు దూరపు చుట్టమైన షాడ్ చేపను అమెరికాలో హోలియోక్ ఆనకట్ట దగ్గర 1955 నుంచి లిఫ్టుతోనే పైకి చేరుస్తున్నారు. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాద్ దాకా పోయే ఇలస ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ పడవల లాకు గేట్లను చేప పోయే వేళకు తెరిచే ఏర్పాటు చేశారు, బ్యారేజీ పైన చేపలను వదిలి చూస్తున్నారు. డెబ్బై, నూటడెబ్బై గేట్లున్న మన బ్యారేజీల్లో చేపకు ఒక్క తలుపు దొరకదా?

ఇక మన మూసీ. మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2017లో ఏర్పడింది. గోదావరి నీళ్లను జంట జలాశయాలకు తెచ్చే పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. దీపాలు, నడకదారులు, వంతెనల బొమ్మలు చాలా చూశాం. నది వెడల్పు పేరిట 2024లో చాదర్‌ఘాట్, శంకర్‌నగర్ ప్రాంతాల్లో పేదల ఇళ్లు కూల్చడమూ చూశాం. చేపకు కావలసింది నది మధ్యలో పారే నీళ్లు. గట్టు మీద షికారు తోట దానికి అక్కర్లేదు, దానికోసం ఏ కుటుంబమూ సామాను నెత్తిన పెట్టుకుని పోనక్కర్లేదు. పైపులో వచ్చే గోదావరి నీళ్లు మూసీకి కొంత ఆసరా కావచ్చు. పంపుల్లోంచి చేప రాదు గనుక, నది తన వాగుల ద్వారా తానే పారాలన్న మాట అలాగే ఉంటుంది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని కాపాడిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాలకు నీళ్లు తెచ్చే వాగులు మూసుకుపోతే ఈ ఉపన్యాసానికి అర్థమే లేదు.

జలాశయాల్లో, అనంతగిరి వాగుల్లో మన సొంత చేపల సంతతి ఇంకా మిగిలి ఉంది. కింద నీళ్లు బాగుపడితే వరద వెంట దిగడానికి విత్తనం సిద్ధంగా ఉన్నట్టే. దిగిన చేప మళ్లీ ఎక్కగలగాలి, అంతే.

నా మనవి ఇది. వాడపల్లి నుంచి పురానాపూల్ దాకా మూసీ మీద ఉన్న ప్రతి అడ్డుకట్టకూ ఎత్తు, ఏ నెలలో ఎంత నీరు, ఎవరి కాల్వ అన్న పట్టిక తయారుచేసి ప్రజల ముందు పెట్టాలి. ఆక్సిజన్‌ను తెల్లవారుజామున కొలవాలి. రాత్రంతా నీటిలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుతుంది గనుక అప్పుడే అది అట్టడుగున ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కొలిచిన అంకె చేపకు పనికిరాదు. అందం కోసం ఊళ్లో నీళ్లు నిలపడానికి కొత్త అడ్డుకట్ట ఎవరు ప్రతిపాదించినా, చేపల దారి గీయకుండా అనుమతి ఇవ్వకూడదు. జంట జలాశయాల నుంచి ఏడాది పొడవునా సన్నని ధార వదలాలి, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నీళ్లుంటే ఒకటి రెండుసార్లు కాస్త పెంచాలి. సిఫ్రీ ఇంజనీర్లను, కత్వల కింది రైతులను, గంగపుత్ర సంఘాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. వాడపల్లికి దగ్గర్లో ఉన్న కత్వతో మొదలుపెట్టి పైకి రావాలి. ఆ మొదటి రాళ్ల వాలు వచ్చే ఎండాకాలంలో పేర్చితే తొలకరికి పరీక్షించవచ్చు. ఏ చేప ఎక్కిందో లెక్కపెట్టే పని మా విద్యార్థులకు అప్పగించండి, వాళ్లకు ఆ చేపల పేర్లు తెలుసు.